కనుమకు అవతల అక్క

ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైతే ఉల్కన్ తలుపు దగ్గరికి పోదు, కిటికీ దగ్గరికి పోతుంది. తెర అంచు కాస్త పక్కకు తీసి, దిగినవాళ్ళెవరో చూస్తుంది. కుర్రవాళ్ళయితే ఊపిరి వదులుతుంది. తెల్ల ఉన్ని టోపీల పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు కలిసి దిగితే మాత్రం ఆమె కాళ్ళు చల్లబడిపోతాయి.

చావు కబురు ఆ కొండదేశంలో అలాగే వస్తుంది. మనిషి పోయిన సంగతి అయినవాళ్ళకు దారిలో చెప్పరు, ఫోనులో చెప్పరు. “ఒంట్లో కాస్త నలతగా ఉందట, చూసివద్దాం పద” అంటారు. ఇంటికి తీసుకుపోయి, కూర్చోబెట్టి, చుట్టూ పెద్దవాళ్ళు చేరాక అప్పుడు చెబుతారు. అందాకా ఊరందరికీ తెలిసి ఉంటుంది, ఆ ఒక్క మనిషికి తప్ప.

ఉల్కన్ చిన్నప్పుడు ఒకరోజు మేనమామ బడికి వచ్చాడు. “మీ నాన్నకు జలుబు చేసిందే, ఇంటికి పోదాం” అన్నాడు. గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని దారి పొడవునా వేళాకోళం కబుర్లు చెప్పాడు. ఆమె పకపకా నవ్వుతూ ఇల్లు చేరింది. వాకిట్లో ఉన్ని గుడారం వేసి ఉంది. మగవాళ్ళు కర్రల మీద వాలి ఏడుస్తున్నారు. లోపల అమ్మ గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతోంది. ఉల్కన్ మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోనేలేదు.

తర్వాత రెండు చలికాలాలకు అమ్మ కూడా పోయింది. అక్క బాత్మా అప్పటికే పెళ్ళయి కనుమకు అవతల సూసమీర్ లోయలో కాపురం ఉంది. ఆమే వచ్చి చెల్లెల్ని తీసుకుపోయి, తన పిల్లలతో పాటు పెంచింది. తల దువ్వింది, తిట్టింది, చదివించింది, కనుమకు ఇవతల చదునునేల మీద ఉండే మామిర్‌కు ఇచ్చి పెళ్ళి చేసింది. అక్కాచెల్లెళ్ళ మధ్య ఉన్నది ఒకే దారి. ఆ దారి కొండ నెత్తిన ఒక సొరంగంలోంచి పోతుంది.

రెండేళ్ళ కిందట వేసవి మేతలు ముగిసి పైనుంచి దిగివస్తున్నప్పుడు ఆ సొరంగంలో బళ్ళు ఆగిపోయాయి. పెద్ద ప్రమాదమేమీ కాదు. ముందు ఎవరిదో లారీ మొరాయించింది. కానీ పొగ నిండింది, దీపాలు మసకబారాయి. ఉల్కన్ గుండె ఎవరో లోపలినుంచి తన్నుతున్నట్టు కొట్టుకుంది. చేతులు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకుంది. చావలేదు. కానీ ఆ భయం ఆమెతో పాటు ఇంటికి వచ్చేసింది. మొదట సొరంగం వద్దంది. తర్వాత బస్సు వద్దంది. తర్వాత సంత. చివరికి పెరట్లో పాయిఖానా తలుపు కూడా వేసుకోలేకపోయింది. మామిర్ బయట కాపలా నిలబడి, “రాజ్యం ఏలినవాళ్ళక్కూడా ఇంత పహరా లేదే ముసలీ” అని సణిగేవాడు.

గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండె బాగుందన్నాడు. ముల్లా ప్రార్థన చదివి మొహాన ఊదాడు. నాటువైద్యురాలు తలమీదుగా సీసం కరిగించి నీళ్ళలో పోసి, అందులో కుక్క ఆకారం చూపించి, జడిపించింది ఇదేనంది. చివరికి ఆ గుండె డాక్టరే పట్నం ఆసుపత్రి నడవా చివరనున్న గదికి పొమ్మన్నాడు. అక్కడ చోల్పోన్ ఉంటుంది. పిచ్చి డాక్టరని ఊళ్ళో అంటారు. చూస్తే పెళ్ళికాని పిల్ల, రాజధానిలో పుట్టి పెరిగింది, మందులివ్వదు, మాట్లాడుతుంది.

ఆ మాటలు కూడా వింతగా ఉండేవి. ఒకరోజు ఉల్కన్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పింది.

“అమ్మాయ్, ఆపు. కళ్ళు తిరుగుతున్నాయి.”

“తిరగాలనే తిప్పుతున్నా, అపా.” తల్లి వయసువాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు. “సొరంగంలో ఎలా అనిపించిందో అలాగే ఉందా?”

“అలాగే ఉంది. గుండె కూడా అలాగే కొట్టుకుంటోంది. ఇప్పుడు ఆగిపోతుంది చూడు.”

“ఆగిపోతుందని ఎంత నమ్మకం? పదిలో ఎంత?”

“పదేమిటి?”

“పది గొర్రెలనుకో. ఎన్ని గొర్రెలు పందెం కాస్తావు?”

“తొమ్మిది.”

చోల్పోన్ మళ్ళీ తిప్పింది. ఉల్కన్ తలగుడ్డ జారిపోయింది. గుండె కొట్టుకుంది, కొట్టుకుంది, కాసేపటికి దానంతటదే నెమ్మదించింది. “ఇప్పుడెన్ని?” అని అడిగితే ఉల్కన్ ఆలోచించి, “ఏడు. రెంటిని తోడేలు ఎత్తుకుపోయింది” అంది. పిల్ల నవ్వితే ఆమెకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే, నవ్వినందుకు భయమేసింది.

గుండె దడ వచ్చినప్పుడల్లా నాలుక కింద పెట్టుకునే చలవ మాత్రను కూడా చోల్పోన్ మానమంది. “ఆ మాత్ర నిన్ను కాపాడుతోందని నీ భయం అనుకుంటోంది, అపా. మాత్ర లేకుండా నిలబడితే గానీ, నువ్వు ఊరికే కూడా బతుకుతావని దానికి తెలియదు. భయం అల లాంటిది. పైకి లేస్తుంది, పడిపోతుంది.”

“అల నేనెక్కడ చూశాను? బెదిరిన గుర్రం అను. కళ్ళెం గుంజేకొద్దీ ఇంకా పరుగెడుతుంది. వదిలేస్తే అలిసి ఆగుతుంది.”

“ఇన్ని తెలిసినదానివి కళ్ళెం ఎందుకు గుంజుతున్నావు?”

“గుర్రం మీదున్నది నేను గదా. నువ్వు నేలమీదున్నావు.”

అలా మెట్టు మెట్టుగా సాగింది. ఆగివున్న కారులో అద్దాలెత్తుకుని కూర్చోవడం. పాయిఖానా తలుపు గడియ. తర్వాత బస్సు. సొరంగం ఒక్కటీ మిగిలింది.

అది మిగిలి ఉండగానే చలికాలంలో బాత్మా మంచం పట్టింది. కాలేయం. రాజధాని డాక్టర్లు ఇంటికి పంపేశారు. ఆమె ఫోను చేసింది. గొంతు బాగా సన్నబడింది.

“ఒకసారి రావే. నీతో మాట ఉంది.”

ఏం మాటో ఇద్దరికీ తెలుసు. పోయేవాళ్ళు, ఉండేవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని చెప్పుకోవలసిన మాట. నీ మీద నాకే మనస్తాపమూ లేదు, నా మీద నీకుంటే వదిలెయ్ అని. అది చెప్పుకోకుండా విడిపోతే పోయినవాళ్ళకు అక్కడ నెమ్మది ఉండదు, ఉన్నవాళ్ళకు ఇక్కడ ఉండదు.

“ఫోనులో చెప్పుకోకూడదా అక్కా?”

“ఫోనులో గొర్రెల బేరం ఆడుకో. ఇదేమన్నా గొర్రెలా?”

అప్పటినుంచి ఉల్కన్ భయం రూపు మార్చుకుంది. మామిర్ కళ్ళు తెరవగానే “అక్క ఉందంటావా?” అని అడిగేది. పాలు పితికి వచ్చి అడిగేది. అతడు ఫోనులో ఎవరితో మాట్లాడినా వెనక నిలబడేది. అతడు నవ్వితే దాస్తున్నాడనుకునేది, నవ్వకపోతే తెలిసిపోయిందనుకునేది.

చోల్పోన్ ఎప్పటిలాగే అడిగింది: “మీ అక్క పోయిందనడానికి ఆధారం ఏముంది, అపా?”

“ఎవరూ చెప్పడం లేదు.”

“చెప్పకపోవడం ఆధారమా?”

“నీకేం తెలుసు తల్లీ, మేడల్లో పుట్టావు. మాలో చెప్పకపోవడమే ఆధారం.”

మేనమామ గుర్రం సంగతి అప్పుడు చెప్పింది. చోల్పోన్ శ్రద్ధగా వింది. కానీ ఆమె చదువు ఆమెకు ఒకటి చెప్పింది. అడగడం కూడా ఆ మాత్ర లాంటిదే. అడిగిన ప్రతిసారీ ఉందని జవాబు వస్తే భయం కాసేపు పడుకుంటుంది, మళ్ళీ ఇంకా ఆకలితో లేస్తుంది. ఆమె మామిర్‌ను లోపలికి పిలిచింది.

“పెద్దాయనా, ఇకనుంచి ఈవిడ అక్క గురించి అడిగితే జవాబు చెప్పకు. ఉందనీ వద్దు, లేదనీ వద్దు.”

“ఏమీ చెప్పొద్దా?”

“ఏమీ.”

మామిర్ టోపీ సర్దుకున్నాడు. “నలభయ్యేళ్ళుగా ఇది నా నోరు మూయిస్తూనే ఉంది. ఇప్పుడు డాక్టరమ్మ సంతకం కూడా దొరికింది” అన్నాడు. ఆ గదిలో అది తేలికైన మాటలాగే ఉంది.

మే నెలలో ఒక పొద్దున ఉల్కన్ పొయ్యి దగ్గర ఉండగా పెరట్లో మామిర్ ఫోను మోగింది. అతడు కంచె దాకా నడిచి, వీపు ఇటు తిప్పి మాట్లాడాడు. ఆమె కిటికీలోంచి ఆ వీపునే చూసింది. లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, పెట్టెలోంచి మంచి కోటు తీశాడు.

“బయలుదేరు. మీ అక్కకు కాస్త నలతగా ఉందట.”

ఉల్కన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మాట తేడా లేకుండా అదే మాట.

“బతికే ఉందా?”

మామిర్ గుండీలు పెట్టుకుంటున్నాడు.

“నిన్నే అడుగుతున్నాను. ఉందా?”

“చెప్పొద్దంది కదా ఆ అమ్మాయి” అన్నాడు మామిర్, ఆమెవైపు చూడకుండా.

ఆ పిల్ల మంచికే చెప్పింది, ఉల్కన్‌కు తెలుసు. కానీ రాజధానిలో జవాబు చెప్పకపోవడం వైద్యమయితే, ఇక్కడ అది వేరే. ఇక్కడ మనిషి జవాబు చెప్పకుండా మంచి కోటు వేసుకున్నాడంటే వాకిట్లో గుడారం లేచినట్టే. ఫోను చేసి అక్క కోడల్ని అడుగుదామనుకుంది. ఆ కోడలు మాత్రం చెబుతుందా? ఆమె కూడా వాళ్ళలోదే.

పోనని కూర్చుంటే ఎవరూ బలవంతం చెయ్యరు. ఒకవేళ ఉంటే? ఉండి, తలుపువైపు చూస్తూ ఉంటే? ఉల్కన్ పొయ్యి ఆర్పింది. తలగుడ్డ ముడిలో ఒక చలవ మాత్ర దోపుకుంది. చోల్పోన్‌కు తెలియకుండా దాచిన ఆఖరిది అది.

పాత జీపు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కింద చెట్లు చిగిర్చాయి గానీ పైకి పోయేకొద్దీ చలికాలం వెనక్కి వచ్చింది. దారికి రెండువైపులా మనిషెత్తు మంచు గోడలు. మామిర్ మామూలుగా ఎదురొచ్చే ప్రతి బండినీ తిట్టేవాడు. ఇవాళ ఒక్కమాట లేదు. తిట్టు, ఒక్కసారి ఎవర్నయినా తిట్టు, అని ఆమె లోలోపల బతిమాలుకుంది.

సొరంగం నోరు కనబడింది. నల్లగా, కింద పళ్ళలా కరిగిన మంచు. పక్క గుడిసెలోంచి కాపలా మనిషి చెయ్యి ఊపాడు. వెలుగు వెనకబడిపోయింది.

చీకటి కాదది, అంతకన్నా హీనం. పసుప్పచ్చ మసక. గోడలు చెమర్చి ఉన్నాయి. పొగ వాసన అద్దాల సందుల్లోంచి దూరింది. ఎక్కడో పంకా హోరు, లేదా అది తన చెవుల్లోనే. ముందు ఒక బొగ్గు లారీ నత్తలా పోతోంది. దాని వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి. ఆగింది. జీపూ ఆగింది.

ఉల్కన్ గుండె తన్నడం మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. గొంతులో ఉన్ని కుక్కినట్టయింది. ఇప్పుడే. ఇక్కడే. అక్క దగ్గరికి పోవడానికి కాదు, అక్కతో పాటు పోవడానికి వచ్చాను. ముడిలోంచి మాత్ర తీసి గుప్పిట్లో పెట్టుకుంది. నాలుక కింద పెట్టుకుంటే చాలు. లేకపోతే, పక్కన కూర్చున్న మనిషిని ఒక్కమాట అడిగితే చాలు. గట్టిగా పట్టుకుని అడిగితే చెప్పేస్తాడు. ఉందంటాడు. నిజమో కాదో గానీ ఉందంటాడు.

నోరు తెరిచింది. మామిర్ చేతులు చక్రం మీద ఉన్నాయి. కణుపులు తెల్లబడి ఉన్నాయి.

ఆమె అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ క్షణంలో ఆమెకూ తెలియదు. అడిగితే వచ్చే జవాబు ఏదయినా తను నమ్మదని తోచింది, అంతే. ఉందన్నా నమ్మదు. మేనమామ కూడా జలుబే అన్నాడు. ఎవరూ ఇవ్వలేనిదాన్ని ఇన్ని నెలలుగా ఈ ముసలాణ్ణి అడుగుతోంది.

అక్క పోయి ఉండవచ్చు, అనుకుంది. పెదవులు కదిలించి అనుకుంది. ఉండి ఉండవచ్చు. నాకు తెలియదు. ఆ మాటతో గుండె ఇంకా జోరందుకుంది. పరుగెత్తనీ అనుకుని కళ్ళెం వదిలింది. గోడమీది తడివైపు చూస్తూ కూర్చుంది. నీటి చుక్క ఒకటి కిందికి జారి, ఇంకో చుక్కతో కలిసి, మళ్ళీ జారింది. నాకు తెలియదు. నాకు తెలియదు. చచ్చిపోతానన్న భయం పోలేదు, కానీ అది అన్నంతా అనేసి, ఇక కొత్తగా అనడానికేమీ లేనట్టు గొణగడం మొదలుపెట్టింది.

బొగ్గు లారీ దగ్గి, కదిలింది.

అవతల వెలుగు కత్తిలా కళ్ళను కోసింది. సూసమీర్ లోయ మొత్తం కింద పరుచుకుని ఉంది, సగం పచ్చ, సగం మంచు. మామిర్ జీపు పక్కకు ఆపి, దిగి, ముందు చక్రాన్ని ఊరికే కాలితో తన్నాడు. ఉల్కన్ గుప్పిలి విప్పింది. మాత్ర చెమటకు కరిగి అరచేతికి సున్నంలా అంటుకుని ఉంది. మంచుతో తుడుచుకుంది.

“అడగవేం?” అన్నాడు మామిర్.

“అడగను.”

“అడిగినా నా దగ్గర లేదే ముసలీ.” అతడు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “మీ అక్క కొడుకు ఫోనులో ఏమన్నాడో తెలుసా? అమ్మకు కాస్త నలతగా ఉంది, రండి అన్నాడు. అంతే. ఉందా అని అడిగాను. రండి బాబాయ్ అన్నాడు. నీకు చెప్పినమాటే వాడు నాకూ చెప్పాడు.”

“మరి డాక్టరమ్మ చెప్పొద్దందన్నావు?”

“ఏదో ఒకటి అనాలి గదా.”

ఉల్కన్ అతడి మొహం చూసింది. గడ్డం కింద చర్మం అదురుతోంది. పొద్దుట్నుంచీ తను చదువుతున్నది చావు కబురు కాదు, ఈ మనిషి భయం. అంతమాత్రాన అక్క ఉన్నట్టూ కాదు. తెలిసినవాడు ఒక్కడయినా బండిలో ఉన్నాడనుకుంది ఇందాకటిదాకా. ఎవరూ లేరు.

“ఎక్కు” అంది. “చలిగా ఉంది.”

దిగుడంతా ఇద్దరూ ముందుకు వంగి కూర్చున్నారు. లోయలో బాత్మా ఊరు నదివొడ్డున చుక్కల్లా కనబడింది. చావింటికి వచ్చే మగవాడు దూరంనుంచే గొంతెత్తి ఏడుస్తూ రావాలి. అది అతడి ధర్మం. ఊరి మొదట్లోకి రాగానే మామిర్ గొంతు సవరించుకున్నాడు.

ఉల్కన్ రెండు చేతులతో సీటు పట్టుకుంది. “ఏమిటి? ఏం కనబడింది?”

మామిర్ అద్దం దించి ఉమ్మాడు. “ఏం లేదే. నాలుక కింద పెట్టుకున్న పొగాకు గొంతులోకి పోయింది.”

“నీ పొగాకు తగలబడ. ఇప్పుడా పెట్టుకునేది?”

“నీకు మాత్ర, నాకు పొగాకు.”

“నేను వేసుకోలేదు.”

“ఆహా” అన్నాడు మామిర్. మలుపు వచ్చింది.

వాకిట్లో గుడారం లేదు. కర్రల మీద వాలిన మగవాళ్ళు లేరు. కంచె మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, ఒక దూడ ఒక అంచు నములుతోంది. గుమ్మంలోకి అక్క కోడలు చెంబుతో వచ్చి నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్కన్ జీపు దిగి, ఆ కళ్ళనే చూస్తూ నడిచింది. ఇంకా ఏమీ తెలియదు. పెద్దవాళ్ళు లోపల కూర్చుని ఉండవచ్చు.

“ఎవరే వచ్చింది?” లోపలినుంచి గొంతు, దారంలా సన్నగా. “ఆ పిరికిదేనా?”

ఉల్కన్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కోడలు చెంబు వంచి చేతుల మీద నీళ్ళు పోసింది. ఆ నీళ్ళతోనే ఉల్కన్ మొహం కూడా కడుక్కుంది, ఏడుపు తెలియకుండా.

బాత్మా పరుపులో ఒక ముడతలా ఉంది. కళ్ళు పచ్చబడ్డాయి. “ఎలా వచ్చావే? కొండ ఎక్కి దిగావా?”

“సొరంగంలోంచే వచ్చానక్కా.”

“చావలేదా?”

“లేదు.”

“మంచిది. ఇద్దరం ఒకేరోజయితే వీళ్ళు చావు భోజనానికి ఒకే గుర్రం కోసి సరిపెడతారు. పీనాసి ముండావాళ్ళు.”

కోడలు నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. ఉల్కన్ చటుక్కున పనిలో పడింది. దిండు సర్దింది. పొయ్యిలో పేడపిడక వేసింది. పాల టీ కాచి పియాలాల్లో పోసింది. దువ్వెన వెతికి అక్క తల దువ్వింది. చేతికి వెంట్రుకలు ఊడివచ్చాయి, వాటిని చుట్టి జేబులో పెట్టుకుంది. గోళ్ళు తీద్దామని కత్తెర కోసం లేచింది. బాత్మా ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు. అయినా విడిపించుకోలేకపోయింది.

“కూర్చో. ఎందుకొచ్చావో ఆ పని చెయ్యి.”

“టీ తాగాక, అక్కా.”

“నాకంత తీరిక లేదు.” బాత్మా ఊపిరి కూడదీసుకుంది. “నీ మీద నాకే మనస్తాపమూ లేదే ఉల్కన్. నిన్ను కొట్టిన రోజులున్నాయి. నా పిల్లలకు మీగడ పెట్టి నీకు మజ్జిగ పోసిన రోజులున్నాయి. వదిలెయ్.”

చెప్పి, కళ్ళు చెల్లెలి మొహం మీద నిలిపింది.

ఉల్కన్ పెదవులు కదల్లేదు. సొరంగంలో కొట్టుకున్నదానికన్నా ఎక్కువ కొట్టుకుంటోంది గుండె. తను రెండేళ్ళుగా భయపడుతున్నది చీకటికీ పొగకూ అనుకుంది. ఇప్పుడు తెలుస్తోంది, చలికాలంనుంచీ ఇంకోటి దాని వెనక నిలబడి ఉంది. ఈ మాట తను చెప్పనంతకాలం అక్క ఎదురుచూస్తూ ఉంటుంది. చెప్పేస్తే ఇక ఆమెను ఆపేదేమీ లేదు. చెప్పిన మరుక్షణం ఈ చెయ్యి చల్లబడిపోతుంది. అలా అని ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె ఒంట్లో ప్రతి ఎముకా అది నమ్మింది.

బాత్మా ఎదురుచూసింది. నొప్పికి కాబోలు నుదురు ముడుచుకుంది, అయినా చూపు తిప్పలేదు. నన్ను ఆపింది చాలు అని అడిగినట్టుంది ఆ చూపు.

“నీ మీద నాకే మనస్తాపమూ లేదక్కా” అంది ఉల్కన్. గొంతు తనది కానట్టుంది. “మజ్జిగ నాకు ఇష్టమే. నా మీద ఏదన్నా ఉంటే నువ్వూ వదిలెయ్. రాలేకపోయిన ఈ రెండేళ్ళూ వదిలెయ్.”

బాత్మా తలాడించి కళ్ళు మూసుకుంది.

చెయ్యి ఇంకా మణికట్టు మీదే ఉంది. ఉల్కన్ దుప్పటివైపు చూసింది. అది కదల్లేదు. కిటికీ అవతల దూడను ఎవరో అదిలిస్తున్నారు. ఆమె చూస్తూనే ఉంది. మామిర్‌ను కేకేయాలనిపించింది, అక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడాలనిపించింది. ఏదీ చెయ్యకుండా కూర్చుంది. దుప్పటి నెమ్మదిగా లేచింది, పడింది.

“టీ చల్లారిపోతోంది, తాగు” అంది బాత్మా, కళ్ళు తెరవకుండానే.

ఉల్కన్ రెండో చేత్తో పియాలా ఎత్తింది. పియాలా ఒరిగి టీ కొంత దుప్పటి మీద ఒలికింది. తుడవడానికి లేవలేదు. మీగడ కట్టిన ఆ టీని, దుప్పటి లేచి పడడం చూస్తూ, కొద్దికొద్దిగా తాగింది.